మేనమామగారి మెడ, నా మొదటి గలీబు

మేము కాపురాలకు వచ్చిన రోజుల్లో, పెద్దల అనుమతి లేకుండా కోడళ్లు చేయగలిగినవి దగ్గడం, తుమ్మడం మాత్రమే. (తుమ్ము అపశకునం కాబట్టి దానికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.) అలాంటి ఇంట్లోకి మావారు ఏలూరు బజారు నుంచి చేతి కుట్టుమిషను పట్టుకొచ్చారు. దాని చక్రం చప్పుడు వింటే నాకు ప్రాణం లేచివచ్చేది. మా అత్తగారికి ఒళ్లు మండిపోయేది. "సంసారుల ఇంట్లో దర్జీకొట్టేవిటే అమ్మాయ్? మా అన్నయ్యని రానీ. ఆయన వద్దంటే కొట్లో తిరిగిచ్చేయాల్సిందే" అని తేల్చేశారు.

ఆ అన్నయ్యగారిది, అంటే మావారి మేనమామగారిది, తాడేపల్లిగూడెం. కొల్లేటి లంకల్లో గట్టు తగాదాలు తీర్చే పెద్దమనిషి కాబట్టి, కుట్టుమిషను సంగతీ ఆయనకే తెలుస్తుందని మా ఇంట్లో నమ్మకం. ఆయన మెప్పు పొందాలని, ఆయన పడుకునే దిండుకు గలీబు కుట్టడానికి పూనుకున్నాను. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం మావారు చదివి చెప్పారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, కుట్టు రాదు. నాకు రెండూ రావు. అయినా కొత్త కోరాగుడ్డను దిండుకు సరిగ్గా సరిపోయేలా కొలిచి, కత్తిరించి, కుట్టి, తొడిగి చూసుకుని మురిసిపోయాను.

అత్తగారు ఉండనిస్తేనా! "కొట్లో ఎవరెవరు ముట్టుకున్నారో, తడపకుండానే అన్నయ్య తల కింద పెడతావుటే?" అంటూ ఊడదీసి, నీళ్లలో జాడించి, పనిలో పనిగా చిక్కటి గంజి పెట్టి ఆరేశారు. ఆరేసరికి గలీబు నాలుగు వేళ్ల మేర కుదించుకుపోయింది. (ఈ సంగతి ఆ ఇంగ్లీషువాడు రాయలేదో, మావారు చదవలేదో ఇప్పటికీ తేలలేదు.) అప్పటికే మేనమామగారు వచ్చి భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మోకాలితో నొక్కుతుంటే, నేను గుడ్డ లాగుతుంటే, దిండు ఎలాగో లోపలికి వెళ్లి రుబ్బురోలు పొత్రంలా బిగుసుకుంది.

తెల్లారేసరికి మేనమామగారి మెడ పట్టేసింది. అది తెలియని అత్తగారు కాఫీ అందిస్తూ, "ఏవంటావన్నయ్యా, మిషను ఉండనివ్వమంటావా?" అని అడిగారు. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పబోయారు. మెడ పక్కకి తిరిగితేనా! నొప్పికి గడ్డం కిందికీ పైకీ ఊగింది.

"మావయ్యగారు సరేనన్నారమ్మా!" అన్నారు మావారు ఠక్కున.

మేనమామగారు కాఫీ అందుకుని తాగడం మొదలుపెట్టారు. ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకుంటే పెద్దరికం పోతుందనుకున్నారు కాబోలు.

నేను వంటింట్లోకి పారిపోయి, నోట్లో పమిట కుక్కుకుని నవ్వాను. నా పనితనమే గెలిచిందనుకున్నాను, వెర్రిపిల్లని. ఇంటి కోడలు ఒక మిషను ఉంచుకోవాలంటే ఒక పెద్దమనిషి మెడ పట్టేయాల్సి వచ్చిందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తే కోపం వస్తుంది. కానీ పమిట కుక్కుకున్న ఆ పిల్ల గుర్తొస్తే, కోపం కన్నా ముందు నవ్వే వచ్చేస్తుంది.