కాదనేవాళ్లు కావాలన్న అమ్మగారు

మా మొక్కల నర్సరీ అమ్మగారు పోయారండి. ఇంకా నెల తిరగలేదు. ఆ పొద్దున నా కూతురు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని గుమ్మంలో నిలబడిపోతే, ఏమైందమ్మా అన్నాను. "అమ్మగారు నిద్రలోనే వెళ్లిపోయారంట నాన్నా" అంది. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఏడుపు కంటే సంతోషమే ఎక్కువగా పొంగుకొస్తోంది. ఏడో తరగతితో చదువు ఆపి, బస్సుల డిపోలో టైర్లు మార్చి బతికినవాణ్ణి. మాట ఎక్కడైనా హద్దు దాటితే సర్దుకోండి.

ఉన్నదున్నట్టు అనెయ్యడం నా కూతురికి పుట్టుకతో వచ్చింది. రామచంద్రపురంలో ఒక బట్టల కొట్లో పెడితే, చీర ఎంచుకుంటున్నావిడతో "ఈ రంగు రెండు ఉతుకులకి పోద్దండి" అందట. ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. తర్వాత చేరిన మందుల షాపులోనూ అంతే. పిల్లకి ఇంకెక్కడా చోటు లేదేమోనని నేనూ దాని తల్లీ బెంగపెట్టుకున్నాం.

కడియం దగ్గర మా వీధి చివరే అమ్మగారి నర్సరీ. ఈ సంగతి చెబితే ఆవిడ పడీపడీ నవ్వారు. "రేపే పంపించండి అన్నయ్యగారూ. నా దగ్గరున్నవాళ్లంతా నేనేమంటే అదే అంటున్నారు. అందరూ నాలాగే ఆలోచించేటట్టయితే ఇంతమందెందుకండీ, నేనొక్కదాన్నే చాలు కదా."

ఆవిడకో పద్ధతి ఉండేది. లారీకి లోడు ఎత్తే ముందు అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఎలా చేద్దామని ఒక్కొక్కరినీ అడిగేవారు. కొత్తగా చేరినవాళ్లు ముందు చెప్పాలి, ఆవిడ ఆఖరున. ఎవరైనా "మీరెలా అంటే అలాగేనమ్మా" అంటే, "నేనేమంటానో నాకు తెలుసు. నీకేం తోచిందో అది చెప్పు" అనేవారు. సాయంత్రం మా గేటు ముందు నుంచి వెళ్తూ, "ఇవాళ మీ అమ్మాయి నా మాట కాదందండీ అన్నయ్యగారూ" అని ప్రైజు వచ్చినట్టు చెప్పేవారు.

ఒకసారి బెంగళూరికి గులాబీ మొక్కలు వెళ్లాలి. బాగా నీళ్లు పెట్టి ఎక్కించడం మా వైపు అలవాటు. కాలవ నీళ్ల మధ్య పెరిగినవాళ్లం, నీళ్లెక్కువైనా చేటేనని మాకు తోచదు. నా కూతురు మాత్రం, తడి మీద టార్పాలిన్ కప్పితే లోపల ఉడికిపోతాయి అంది.

లోడింగ్ మేస్త్రికి ఒళ్లు మండింది. "నిన్నగాక మొన్నొచ్చావు. ఇన్నేళ్లుగా ఇలాగే పంపుతున్నాం, ఎప్పుడైనా చచ్చాయా?"

"ఇక్కడ చావవు బాబాయ్. అక్కడికెళ్లాక చస్తాయి. నువ్వు చూళ్లేదంతే."

"అయితే ఎండబెట్టి పంపుదామా తల్లీ, వడియాల్లాగా?"

అందరూ నవ్వారట. అమ్మగారు మాత్రం, మేస్త్రి భయమూ నిజమే, పిల్ల భయమూ నిజమే అన్నారు. అప్పుడు డ్రైవర్ నోరు విప్పి, తెల్లారి టీకి ఎలాగూ ఆపుతాను కదా, కాసిని నీళ్లు చల్లుతానన్నాడు. సరేనని ఆ రోజు తడిపి, మర్నాడు టార్పాలిన్ పక్కలు గాలికి వదిలి పంపారు. మొక్కలు పచ్చగా దిగాయని ఫోనొచ్చింది. "ఇంతకీ ఈ ఉపాయం ఎవరిది?" అని అమ్మగారు అడిగితే ఎవరూ నాదని అనలేదు. "ఏ ఒక్కరిదీ కాదు. అందుకే బాగుంది" అన్నారావిడ. ఆ మాట నా బంగారుతల్లి అన్నం తింటూ పదేపదే చెబుతుంటే, వాళ్లమ్మ కొసరి కొసరి వడ్డించింది. నాకైతే వీధంతా పిలిచి చెప్పాలనిపించింది.

ఆవిడ పోయాక నర్సరీ కొడుకుగారి చేతికొచ్చింది. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం, నెమ్మదస్తుడు. ఇక నా కూతురి నోటిని ఎవరు భరిస్తారని దిగులు పట్టుకుంది. పెద్దకర్మ అయ్యాక మొదటి లోడు రోజున, క్యారేజీ వంక పెట్టుకుని నేనే వెళ్లాను.

లారీ అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. "ఆలస్యమెందుకు, అమ్మ ఎలా చేసేదో అలాగే కానిచ్చేయండి" అన్నారు కొడుకుగారు. అందరూ తలలూపారు.

"అమ్మగారు ఒక్కో లోడుకి ఒక్కోలా చేసేవారండి" అంది నా కూతురు.

ఈ పనీ పోయినట్టే అనుకున్నాను. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"దీని మాట నాకెప్పుడూ నచ్చదు బాబూ. కానీ వినండి. ఇది లేకపోతే మేమంతా వరసగా ఒకే గోతిలో పడతాం."

ఆయన బ్యాంకు ప్యాంటుతోనే మట్టిలో కూర్చుని, "చెప్పమ్మా" అన్నారు.

నా కూతురు మొదలుపెట్టింది. మేస్త్రి అప్పుడే కాదంటున్నాడు. లారీ మోతలో దాని మాట వినపడక, డ్రైవర్ తల బయటపెట్టి చూసి, ఇంజన్ ఆపేశాడు.