పస్కా ముందు పారబోసిన పిండి

ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే పులిసిన దోసెల పిండి వాసన గుప్పుమంది.

నాకు ఏడేళ్ళప్పుడు, అమెరికాలోని హెర్న్‌డన్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో డేవిడ్ అంకుల్ ఉండేవారు. యూదుల ధర్మశాస్త్రం బోధించే ముసలాయన. పస్కా పండగకి ముందు తన పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా దులుపుతూ, పేజీల్లో ఇరుక్కున్న రొట్టె పొడి ఏరేవారు. ఎందుకని అడిగితే, పండగకి ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదన్నారు.

పస్కా రాత్రి ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇంటింటా పెద్దబిడ్డ చనిపోయిందని అప్పటికే మా తెలుగు చర్చిలో విన్నాను. మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. పరుగున పైకెళ్ళి ఫ్రిజ్‌లో ఉన్న గిన్నెడు దోసెల పిండీ సింకులో పారబోశాను.

సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది.

"పిండేదే?"

"పారేశానమ్మా. ఉంటే నేను చచ్చిపోతా."

అమ్మ తిట్టలేదు. షూస్ కూడా విప్పకుండా ఫ్రిజ్‌కి ఆనుకుని కూలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకుంది. నా కోసం ప్రార్థన చేస్తోందనుకుని నేనూ చేతులు జోడించాను. ఎంతసేపటికీ అమ్మ ఆమెన్ అనలేదు. చివరికి నేనే అన్నాను.

ఇవాళ నేనూ షూస్‌తోనే ఫ్రిజ్‌కి ఆనుకుని కూర్చున్నాను. రెప్పలు వాలుతుంటే అర్థమైంది.

ఆ రోజు అమ్మ నిద్రపోయింది.