గరాచర్మలో కూర్చుని నడిపిన ముంబై సర్వర్లు

మా నాన్న జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకెళ్తాడు. శ్రీకాకుళం వైపు నుంచి వలలు పట్టుకుని ఈ దీవులకొచ్చింది తాతయ్య. ఇంట్లో కంప్యూటర్ చదువు చదివింది నేనొక్కదాన్నే. డిగ్రీ అయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో పడవ టికెట్లమ్మే కంపెనీలో కౌంటర్ ఉద్యోగం దొరికింది.

టూరిస్టుల సీజన్ రాగానే ఆ కంపెనీ వెబ్‌సైట్ పడిపోయేది. దాన్ని నడిపే సర్వర్లు ముంబైలో అద్దెకు తీసుకున్నవి. చూసుకునే ఇంజనీరు చెన్నైలో ఉండేవాడు. అతను ఫోనెత్తి, ఏవో బటన్లు నొక్కి సైటును లేపేలోపు జనం నన్ను తిట్టి వెళ్లిపోయేవాళ్లు. తిట్లు తిని తిని విసిగిపోయి, ఆ పని నేను నేర్చుకుంటానని మేనేజర్‌ని అడిగాను.

"నువ్వు కౌంటర్ సంభాలో, అది చూసుకుంటే చాలు. సర్వర్ పని మెయిన్‌లాండ్ వాళ్లది. ఇక్కడి నెట్‌తో అయ్యేది కాదు" అన్నాడాయన. ఆయనా ఇక్కడ పుట్టినవాడే. అందుకే నాకు మరీ మండింది.

నెట్ గురించి ఆయన చెప్పింది మాత్రం నిజం. గరాచర్మలో మా ఇంటి మేడ గదికి వాన పడితే సిగ్నల్ ఉండేది కాదు. నేర్చుకుందామని మొదలుపెడితే, అద్దె సర్వర్లను నడిపే పేజీ సగం తెరుచుకుని తెల్లగా ఆగిపోయేది. నేను చూస్తున్న పాఠాల్లో ఒకచోట, ఆ బటన్ల పనంతా కోడ్‌తోనే చేయించొచ్చని చెప్పారు. ఎన్ని సర్వర్లు కావాలో, ఏ నెట్‌వర్క్‌లో ఉండాలో, బయటివాళ్లకు ఏ దారి తెరవాలో పైథాన్‌లో రాసి పంపితే చాలు. పంపేది కాసిని అక్షరాలే కాబట్టి మా నెట్ మోసింది. మొదటి సర్వర్ లేచి జవాబిచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ ఉత్సాహంలో, దొంగలు రాకుండా నెట్‌వర్క్ దారులన్నీ మూసే కోడ్ రాసి, నా దారి కూడా మూసేసుకున్నాను. నా సర్వర్లోకి నేనే వెళ్లలేకపోయాను. ఏడుపొచ్చింది. చివరికి అన్నిటినీ తీసేసి, కోడ్‌లో తప్పు దిద్ది మళ్లీ నడిపిస్తే, కాఫీ తాగొచ్చేలోపు అన్నీ మునుపటిలాగే లేచాయి. ఇక ఏదీ చేత్తో చెయ్యకూడదని ఆరోజే అనుకున్నాను.

నాన్న ఒకసారి వెనక నిలబడి చూశాడు. "ఆ మిషనెక్కడుంటాది?"

"ముంబైలో."

"ముట్టుకోకుండానే నీ మాట ఇంటాదా?"

"రాసింది వింటాది నాన్నా. తప్పు రాస్తే తప్పే చేస్తాది."

"మరి మీ మేనేజరు నిన్నెందుకొద్దన్నాడు?"



తర్వాత హైదరాబాద్‌లో ఒక కంపెనీకి, సర్వర్లు నడిపే ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టి, వాళ్లిచ్చిన పరీక్ష రాశాను. ఇంటర్వ్యూలో వీడియో ఆగిపోతుంటే కెమెరా ఆపేసి గొంతుతోనే మాట్లాడాను.

"టెస్ట్ బాగా చేశారు. కానీ మీరు హైదరాబాద్ షిఫ్ట్ అవ్వాలి. సర్వర్‌కి ఏమైనా అయితే దగ్గరుండాలి కదా" అన్నారు అవతలి మేడమ్.

"మీ సర్వర్లూ ముంబైలోనే ఉన్నాయి మేడమ్. మీరూ వాటి పక్కన కూర్చోరు కదా."



"మీ దగ్గర నెట్ పోతే?" అన్నారావిడ.

"పోతుంది. అది తెలిసే పరీక్షలో ఆ కోడ్ రాశాను. ఒక సర్వర్ పడిపోతే దానంతటదే ఇంకోటి లేస్తుంది. నేను చూస్తూ కూర్చోనక్కర్లేదు."

"సరే, అక్కడి నుంచే చెయ్యండి, కొన్నాళ్లు చూస్తాం."

"చూడండి" అన్నాను.

రాజీనామా ఇస్తే మేనేజర్ తలెత్తి, "మెయిన్‌లాండ్ జా రహీ హో? వెళ్లిపోతున్నావా?" అన్నాడు. "నహీ భయ్యా. ఇంటికే" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

కొత్త ఉద్యోగంలో చేరిన ఏడాదే పెద్ద గాలివాన వచ్చింది. ఓడలు ఆపేశారు. మధ్యాహ్నానికి కరెంటూ నెట్టూ రెండూ పోయాయి. అమ్మతో కలిసి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతున్నా, నా మనసంతా ముంబైలోనే ఉంది. మర్నాడు నెట్ రాగానే చూస్తే, గాలి జోరుగా ఉన్న సమయంలోనే అక్కడ ఒక సర్వర్ పాడైంది. నేను రాసిన కోడ్ దాన్ని పక్కకు తప్పించి కొత్తదాన్ని లేపింది. హైదరాబాద్‌లో ఎవరికీ తెలియనే లేదు. ఆ వారమే నన్ను పర్మనెంట్ చేశారు.

ఇప్పటికీ ప్రతి ఏడూ ఆఫీసు నుంచి, హైదరాబాద్ షిఫ్ట్ అయ్యే ఉద్దేశం ఉందా అని మెయిల్ వస్తుంది. ఎందుకో ఏమిటో వివరించను. లేదని ఒక్క మాట రాసి, నా పనిలో పడిపోతాను.