చాటు పిల్లి పత్తా

మేం ఇంకా గౌన్లు, నిక్కర్లు వేసుకునే రోజుల్లో... ఎనభైల్లో... కామాఠిపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ మూడో అంతస్తు వరండాలో ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ మా చిన్నాయిన మంచం చుట్టూనే గడిచేవి.

చిన్నాయిన అంటే మా నాయిన తమ్ముడు, బాలయ్య. ఇద్దరూ పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ బిల్డింగు పనులకు పోయేవాళ్లు. ఒకరోజు పరంజా మీది నుంచి పడి చిన్నాయిన కాలు విరిగింది. తర్వాత కట్టు విప్పారు. ఎముక అతుకుపడింది, నడవాలి అన్నాడు డాక్టరు. కానీ చిన్నాయిన కాలు కింద పెట్టలేదు... భయం. నులకమంచం మీదే కూర్చునేవాడు.

పక్కనున్న నాగ్‌పాడా నుంచి సలీం అని నా ఈడు పిల్లాడు ఆడుకోవడానికి వచ్చేవాడు. వాడి దగ్గర పహిల్వాన్ల బొమ్మలు అచ్చేసిన పత్తేలు, అంటే ఆట కార్డులు, ఉండేవి. నాకూ, మా తమ్ముడికీ లేవు. అది చూసి చిన్నాయిన చొక్కాల డబ్బాల అట్టలు కత్తిరించి, నా పెన్సిలుతో మాకు పత్తేలు గీసిచ్చాడు. ఎద్దు, పులి, లారీ, రోడ్డు రోలరు... ఒక్కోదాని మీద బలానికి గుర్తుగా చుక్కలు. ఎక్కువ చుక్కలున్నది తక్కువదాన్ని కొడుతుంది. అంతే ఆట.

కానీ సలీం పహిల్వాన్ల ముందు మా ఎద్దులు, పులులు నిలిచేవి కావు. రోజూ ఓడేవాళ్లం. తమ్ముడు ఏడ్చాడు. అప్పుడు చిన్నాయిన ఒక పిల్లిని గీశాడు. ఒకటే చుక్క.

"ఇది చాటు పిల్లి. బోర్లేసి పెట్టాలె. అది కొట్టేదాక దాన్ని ఎవ్వలు కొట్టరాదు. అది కొడితే మాత్రం ఎంత పెద్ద పహిల్వానైనా పడాలె" అన్నాడు.

"కొట్టినంక?" అన్నాను.

"కొట్టినంక కనవడతది గద. ఇగ దాన్ని ఎవ్వలైనా కొట్టొచ్చు. అందుకే తొందరపడొద్దు బిడ్డా."

సలీం కాసేపు కొట్లాడి, చివరికి ఒప్పుకున్నాడు, వాడికీ ఒక పిల్లిని గీసివ్వాలన్న షరతు మీద. ఆ రోజు వాడి పెద్ద పహిల్వాన్ పడిపోయినప్పుడు మాకంటే గట్టిగా నవ్వింది చిన్నాయినే. ప్రమాదం తర్వాత ఆయన నవ్వగా వినడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే నాయిన వచ్చాడు.

తెల్లారక ముందే కూలీలు పని కోసం చేరే నాకా మీద నిలబడి, దొరికిన పనికల్లా పోయి వచ్చే మనిషి. తల నిండా సిమెంటు దుమ్ము. ఇంట్లో ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడు అప్పటికి. గుమ్మం దగ్గరే ఆగి చూశాడు.

"కాలు కింద పెట్టమంటే భయమంటవ్. పత్తేలాడతందుకు లేదా భయం?"

అరవలేదు. అరవడానికి కూడా ఓపిక లేదనుకుంటా. పత్తేలన్నీ పోగుచేసి వరండా కటకటాల మీది నుంచి కిందికి పారేశాడు. సలీం మెల్లగా జారుకున్నాడు. అమ్మ అన్నం పెట్టింది... ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నాయిన కటకటాల్లోంచి చాలాసేపు కిందికి చూశాడు. నల్లా దగ్గర తడిలో మా పత్తేలు. నేను పోయి తెస్తానన్నాను.

"నువ్వాగు" అన్నాడు.

మంచం మీది నుంచి కిందికి దిగి, వరండాలో కూర్చునే జరుగుతూ మెట్ల దాకా పోయాడు. ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ, మెట్ల పక్కనున్న కర్ర పట్టె పట్టుకుని దిగాడు. చెమటలు కారుతున్నాయి. నేను వెనకాలే... పిలవాలంటే భయం, పట్టుకోవాలంటే భయం. కింది మెట్ల దగ్గరికి వచ్చాక గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

నల్లా దగ్గర బిందె నింపుతున్న పక్క గది బాలమణత్త "ఓ బాలయ్యా! నువ్వేనా!" అని బిందె వదిలేసింది. నీళ్లు పొర్లిపోయాయి.

పత్తేలు ఏరుకున్నాడు కానీ మళ్లీ పైకెక్కే బలం లేదు. మెట్టు మీదే కూర్చుండిపోయాడు. సాయంత్రం నాయిన వచ్చేదాకా అక్కడే.

"ఎవ్వలు మోసుకొచ్చిండ్రు నిన్ను?" అన్నాడు నాయిన.

"ఎవ్వలు మోయలే అన్నా. నేనే దిగిన."

నాయిన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి చిన్నాయిన పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి తడిసి ఉబ్బిన ఒక పత్తా తీసి చూశాడు.

"ఇదేంది, పిల్లా?"

"చాటు పిల్లి అన్నా. అది కొట్టేదాక దాన్ని ఎవ్వలు కొట్టరాదు."

నాయిన నవ్వాడో, నిట్టూర్చాడో... "గసొంటిది నాకొకటి గీసియ్యిరా తమ్మీ. దినాం పొద్దుగాల లేస్తే అందరు కొట్టేటోల్లే నన్ను."

ఇద్దరూ చాలాసేపు లేవలేదు. తర్వాత నాయిన భుజం మీద చెయ్యేసి చిన్నాయిన మూడంతస్తులూ ఎక్కాడు.

ఆ ఆదివారం నాయిన మాతో పత్తేలాడాడు. ఆట మధ్యలోనే గోడకు ఆనుకుని నిద్రపోయాడు, చేతిలో పత్తేలు అట్లాగే ఉన్నాయి. లేపబోతే చిన్నాయిన వద్దన్నాడు. "పండనియ్యి. ఆయన వంతొస్తే ఆగుదాం."

ఆగాం... ఆయన లేచేదాకా.

తర్వాత చిన్నాయిన కుంటుతూనే ధారావిలో సంచులు కుట్టే పనికి పోయాడు, కూర్చుని చేసే పని. ఇప్పుడు ఇద్దరూ లేరు. చాల్ కూడా లేదు. అక్కడ లిఫ్టు ఉన్న బిల్డింగు లేచింది.

మా అబ్బాయి ఫోన్‌లో పత్తేల ఆట ఆడతాడు. అందులో ఎవడో యోధుడు పొగలో మాయమై వచ్చి కొడతాడట... మరాఠీలో గడగడా చెప్తాడు. ఆఫీసు నుంచి, లోకల్ ట్రైన్‌లో నిలబడి వచ్చిన కాళ్లతో నేను సగం వింటూనే కునుకు తీస్తాను. ఒంట్లో ఏమీ మిగలనప్పుడు కూడా పిల్లల పక్కన కూర్చోవడం ఎంత కష్టమో ఈ వయసుకు తెలిసింది.

మీ ఇంట్లో... పనికి పోయి అలసి వచ్చిన పెద్దవాళ్లెవరైనా మీతో కూర్చుని ఆడారా? ఎవరు? ఏ ఆట? ఉంటే రాయండి... తీరిక దొరికినప్పుడే.