మూడో అమ్మాయి పాపం

మా సొసైటీలో సినిమా వేసినప్పుడల్లా చూసినవాళ్ళ అభిప్రాయాలు చీటీల మీద రాయించి డబ్బాలో వేయించే అలవాటు నేనే పెట్టాను. అదేం గొప్ప ఆలోచన కాదు, విసుగెత్తి చేసిన పని. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం మధ్యాహ్నం తెలుగువాళ్ళం సినిమా వేసుకుంటాం. కింద హిందీ అక్షరాలు పడతాయి కాబట్టి పక్క ఫ్లాట్ల పంజాబీలూ బిహారీలూ కూడా వచ్చి కూర్చుంటారు. మొదట్లో సినిమా అయ్యాక చర్చ పెట్టేవాళ్ళం. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఆ చర్చ కాస్తా రెండో సినిమా అయ్యేది. తర్వాత నెల్లాళ్ళు లిఫ్టులో ఒకళ్ళని చూసి ఒకళ్ళు మొహాలు తిప్పుకునేవాళ్ళు. "ఎవరి మాట వాళ్ళు ఒక్క వాక్యం రాసి ఇందులో పడెయ్యండి బాబూ, పేర్లు కూడా అక్కర్లేదు" అని ఒక మిఠాయి డబ్బా మూతకి కంత పెట్టించాను. సాయంత్రం ఆ చీటీలన్నీ హిందీలోకి మార్చి సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా నా పనే. ముప్ఫయ్యేళ్ళు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకురాలిగా చేసి రిటైరైనదాన్ని, ఆ పని ఇంకొకరి చేతికి ఇస్తానా?

ఆ నెల వేసిన సినిమా ఒక హంతకుడిది. నిజంగా జరిగిన కథే. యాభై ఏళ్ళ కిందట మన కోస్తా ఊళ్ళలో, మధ్యాహ్నం పూట ఇళ్ళలో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళని వరసగా చంపుకుంటూ పోయినవాడి కథ. పేర్లు మార్చారుగానీ ఊళ్ళు మార్చలేదు.

నా పక్క కుర్చీలో తొమ్మిదో అంతస్తు ఆంటీ కూర్చుంది. ఆవిడకి డెబ్భై దగ్గర పడ్డాయి. మాది గుంటూరు వైపైతే ఆవిడది కృష్ణకి అవతలి ఒడ్డు. పదేళ్ళుగా ఇద్దరం రోజూ సాయంత్రం పార్కులో మూడు చుట్లు కలిసి తిరుగుతాం. ఆవిడ సినిమాలకి రాదు. ఎంత పిలిచినా "నాకు ఆ చప్పుడు పడదమ్మా" అంటుంది. అలాంటిది ఆ రోజు నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

"ఏమిటాంటీ, సూర్యుడు పడమట పొడిచాడా?" అన్నాను.

"మా వైపు కథట కదా" అంది, అంతే.

మూడో హత్య దగ్గర హంతకుడు భుజాన చీరల మూటతో వస్తాడు. ఇరవై ఏళ్ళ పిల్ల కిటికీలోంచి చూస్తుంది, జరీ అంచు తళుక్కుమంటుంది, పరుగున వచ్చి గడియ తీస్తుంది. నా నోరు ఊరుకుంటుందా? "ఇంత వెర్రిబాగుల పిల్లేమిటండీ! చీర కనపడితే చాలు, తలుపు బార్లా తీసెయ్యడమేనా!" అనేశాను. ముందు వరసవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకు ఇంకా హుషారొచ్చింది, మరో రెండు మాటలు కూడా అన్నాను. ఆంటీ మాత్రం చేతిలో నీళ్ళ సీసా పెట్టుకుని మూత తీస్తూ పెడుతూ ఉంది.

సినిమా అయ్యాక చీటీలు పడ్డాయి. మా పక్క ఫ్లాట్లో అద్దెకుంటూ సివిల్స్‌కి చదివే వరంగల్ అమ్మాయి మాత్రం చీటీ రాసింది చాలక, నా దగ్గరకొచ్చి నోటితో కూడా చెప్పింది: "విలన్ మస్తు చేసిండు ఆంటీ. గానీ పోలీసోళ్ళు మరీ గంత తెల్వి తక్కువోళ్ళా?" మా ఆయన ఎప్పటిలాగే సెకండాఫ్ లాగారన్నాడు. "ముగ్గుర్ని చూపించాక నాలుగో ఆవిడ అనవసరం" అని కూడా రాశాడు. ఆ రోజుల్లో బస్సులకి ఆ రంగు లేదని ఒకాయన, హంతకుడి చొక్కా కాలర్లు మాత్రం అచ్చు అప్పటివేనని ఇంకొకాయన. హంతకుడి చిన్నతనం చూసి ఏడుపొచ్చిందని ఇద్దరు. "కాతిల్ కీ ఆంఖేఁ! క్యా ఆక్టింగ్ హై!" అని హంతకుడి కళ్ళని మెచ్చుకుంటూ ఎదురు ఫ్లాటు పంజాబీ దీదీ. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఒళ్ళు మండుతుందిగానీ, డబ్బా నిండా వాడే ఉన్నాడు. వాడి కళ్ళు, వాడి నడక, వాడి బాల్యం. చచ్చిపోయినవాళ్ళ గురించి రాసిన చీటీ మొత్తానికి ఒక్కటే.

తెలుగు లిపిలో ఉన్నది కూడా అదొక్కటే. మిగతావాళ్ళు ఇంగ్లీషులోనో హిందీలోనో, తెలుగైతే ఇంగ్లీషు అక్షరాల్లోనో గిలికారు. ఆ గుండ్రటి రాత ఎవరిదో నేను వేరే అడగక్కర్లేదు. అందులో ఇలా ఉంది: "మూడో అమ్మాయి పాపం మంచినీళ్ళివ్వడానికి తలుపు తీసింది."

కళ్ళు తెరిచి చదవాల్సింది నేను. సినిమాలో మంచినీళ్ళు ఎక్కడున్నాయి? ఉన్నవి చీరలు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ సాయంత్రం ఒక పక్క కుక్కరు కూతలు, ఇంకో పక్క మా ఆయనతో ఆ నాలుగో ఆవిడ గురించి వాదన. చీటీలన్నీ టేబుల్ మీద పరిచి ఫొటో తీసి ఫోనుకి అప్పగించేశాను. అది చిటికెలో అన్నిటినీ హిందీలో పెట్టింది. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఈ ఫోను అనువాదాల్ని ఎంత వెక్కిరించానో! కొత్తగా చేరిన పిల్లలు వాడితే చెడామడా తిట్టేదాన్ని. అలాంటిదాన్ని, వరసన పై నుంచి కిందకి ఓసారి చూసి గ్రూపులో పడేశాను.

ఆంటీ వాక్యం హిందీలో ఇలా అయింది: "తీస్రీ లడ్కీ కా పాప్, పానీ దేనే కే లియే దర్వాజా ఖోలా."

మనకి పాపం రెండు రకాలు. ఒకటి చేసేది, ఒకటి అయ్యో అనేది. హిందీవాళ్ళకి ఒక్కటే, చేసేది. మూడో అమ్మాయి చేసిన పాపమల్లా తలుపు తీయడమేనని మా సొసైటీ అంతా చదువుకుంది.

చదువుకుని ఊరుకోలేదు. "సహీ బాత్, అకేలీ ఔరత్ దర్వాజా ఖోలే హీ క్యోఁ?" అని, ఒంటరి ఆడది అసలు తలుపెందుకు తీయాలని ఒకాయన. "ఆజ్ కల్ భీ యహీ హోతా హై" అని, ఈ రోజుల్లోనూ ఇదే జరుగుతోందని ఇంకొకావిడ. తమ ఇంట్లో తలుపుకి గొలుసు ఎలా పెట్టించారో ఫొటో తీసి పెట్టాడు మరొకాయన. బొటనవేళ్ళు వరసగా పడ్డాయి. నేను పెట్టిన దానికి అంత స్పందన ఎప్పుడూ రాలేదని మురిసిపోయి, నా బొటనవేలు కూడా ఒకటి పెట్టాను.

మర్నాడు పొద్దున చూస్తే ఆంటీ గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక లైను కనపడింది. సాయంత్రం పార్కుకి రాలేదు. ఫోను ఎత్తలేదు. అప్పుడు కూర్చుని నేను పెట్టిందంతా మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చేసిన తప్పు తెలిసింది. ఎంత సిగ్గేసిందంటే లిఫ్టు కోసం కూడా ఆగలేదు, ఈ నొప్పుల మోకాళ్ళతో ఐదంతస్తులు మెట్లెక్కి వెళ్ళాను.

తలుపు ఆవిడే తీసింది. కోపంగా లేదు. కాఫీ పెడతానంది కూడా.

"ఆంటీ, నా మొహం మీద కొట్టండి. ఆ దిక్కుమాలిన ఫోను..." అని మొదలెట్టాను.

"అక్కడ ఉన్నది మా అక్క" అంది ఆంటీ. "మూడో అమ్మాయి. మా పెద్దక్క."

హాల్లో నేను అన్న మాట, ముందు వరసవాళ్ళ నవ్వు, రెండూ కలిసి చెవుల్లో హోరెత్తాయి. వెర్రిబాగులది అన్నాను. ఆవిడ పక్కన కూర్చుని అన్నాను. పదేళ్ళు ఆవిడతో తిరిగాను, అక్క ఉండేదని కూడా నాకు తెలీదు. ఎప్పుడూ నేనే మాట్లాడుతుంటే ఎలా తెలుస్తుంది?

అక్కడే వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గ్రూపుకి సవరణ రాయడం మొదలెట్టాను. అది తప్ప ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

"ఏమని రాస్తున్నావ్?" అని అడిగింది.

"బేచారీ అని. మన పాపానికి హిందీలో అదే ఆంటీ."

ఆంటీ నా ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా. నలభై ఏళ్ళుగా వింటున్నాను ఇక్కడ ఆ మాట. ఏమీ చేతకాని మనిషిని అంటారు బేచారీ అని. మా అక్క అలాంటిది కాదు. ఇల్లంతా తనే నడిపేది."

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నా మాటని అంత సూటిగా ఎవరూ కొట్టెయ్యలేదు. ఆవిడ చెప్పింది నిజమే. అందుకని పాపం అనే మాటని అలాగే హిందీ అక్షరాల్లో ఉంచేసి, తెలుగులో ఇది నింద కాదు, మనసు కరిగి అనే మాట అని రాశాను. తప్పు నాదేనని, చూసుకోకుండా పెట్టానని రాశాను. మూడో అమ్మాయి చీరకి ఆశపడి కాదు, దాహమన్న మనిషికి మంచినీళ్ళివ్వడానికి తలుపు తీసిందని కూడా రాసి వినిపించాను.

"ఆ నీళ్ళ ముక్క తీసెయ్" అంది ఆంటీ.

"అదేమిటాంటీ, మీరే కదా రాశారు?"

ఆవిడ కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది. "నీళ్ళు చూపిస్తారేమోనని వచ్చానే నేను సినిమాకి. భయపడుతూ వచ్చాను. చీరలు చూపించారు. చూపించగానే హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే నువ్వు ఆ మాట అన్నావు. మా అక్క చీరలకి పరిగెత్తే మనిషి కాదే. సిగ్గేసి ఆ చీటీ రాశాను."

"భయమెందుకాంటీ?"

"నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఎండాకాలం సెలవులు. అక్క పెరట్లో పప్పు రుబ్బుతోంది, చేతినిండా పిండి. నేను నడవలో పడుకుని వారపత్రిక చదువుకుంటున్నాను. వీధిలోంచి ఎవరో 'అమ్మా, కాసిని మంచినీళ్ళు' అన్నారు. నేను లేవాలి. నేనే దగ్గర. సీరియల్ మంచి పట్టులో ఉంది. 'అక్కా, ఎవరో దాహమంటున్నారు, తలుపు తియ్యవే' అని కేకేశాను. అది చెయ్యి కడుక్కుని చెంబుతో వీధరుగు మీదికి వెళ్ళింది. నేను చదవడం అయిపోయి, పక్కింటివాళ్ళకి పత్రిక ఇచ్చి రావడానికి పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను. వచ్చేసరికి..."

పోలీసులకీ, అమ్మకీ, కట్టుకున్న మొగుడికీ ఎవరికీ ఆ కేక సంగతి చెప్పలేదట. చీటీలో ఆ మంచినీళ్ళ ముక్క రాయడమే, యాభై ఏళ్ళలో మొదటిసారి నోరు విప్పడం.

"అందుకే అంటున్నా. నీ ఫోను మరీ అంత తప్పేం రాయలేదు" అంది ఆంటీ. "పాపం ఉంది. కాకపోతే మనిషి మారింది. అది మా అక్కది కాదు, నాది."

నాకు దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో కూడా తెలీదు. ఆ హంతకుడి కళ్ళని మెచ్చుకున్న చీటీలన్నీ గుర్తొచ్చాయి. వాడి చిన్నతనానికి ఏడ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఈవిడ చిన్నతనం ఏ చీటీలోనూ లేదు.

"మీరు మాత్రం పాపం, పద్నాలుగేళ్ళ పిల్ల కదా ఆంటీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఏ పాపం?" అని అడిగింది.

"మన పాపమే ఆంటీ. హిందీలో లేనిది."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, నీళ్ళ ముక్క ఉంచెయ్యమంది.