ఒక పక్కకి కూర్చోవడం

మా సెంగ్‌కాంగ్ తెలుగువాళ్ళు డిసెంబరు సెలవుల్లో మంచు చూడ్డానికి బయల్దేరారంటే, అందరూ కలిసి హొక్కైడోలో ఒకే రిసార్టు మీద పడతారు. అక్కడి అద్దె కోట్లే వేసుకుని, మంచు మీద నడిచే అదే స్నోమొబైల్ బండెక్కి, అదే చెట్టు ముందు ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ముందు సీట్లో భర్త, వెనక భార్య. కిందటేడు మా పై అంతస్తు ఆంటీ తన ఫోటో చూపిస్తే "భలే ఉందండీ" అన్నాను గానీ, లోపల ఎక్కడో మండింది. నాకు ముందు సీటు కావాలి.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో మాత్రం, "ఆ రిసార్టులో జనం ఎక్కువ, ఎవరూ వెళ్ళని దారి నేను వెతుకుతాను" అన్నాను. ఆయన నమ్మారు.

రోజూ ఆఫీసుకి వెళ్తూ రైల్లో వెతికేదాన్ని. ఇంగ్లీషు పేజీ ఉన్న చోటల్లా దాటేశాను. ఇంగ్లీషులో ఉందంటే మావాళ్ళు చేరిపోయినట్టే అని నా లెక్క. జపనీసులో మాత్రమే ఉన్నవాటిని ఫోన్ చేత అనువాదం చేయించుకుని చదివాను. మ్యాపులో చలికాలం మూసేసే అడవి రోడ్లు ఎక్కడున్నాయో చూశాను. చివరికి ఒక పాడి రైతు కుటుంబం దొరికింది. మంచు పడ్డాక తమ పొలాల మీదుగా, ఆ వెనక మూసేసిన అడవి రోడ్డు వెంట ఆ బళ్ళ మీద మనుషుల్ని తిప్పుతారట. నేనే నడపొచ్చా, లైసెన్సు లేకపోయినా పర్వాలేదా అని రాశాను. రెండు ముక్కల్లో జవాబొచ్చింది: "నడపవచ్చు. నెమ్మదిగా." ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్నే చదువుకుంటూ రైలు వదిలేశాను.

మా అమ్మాయికి పందొమ్మిదేళ్ళు, పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఆ పేజీ చూసి, "అమ్మా, నోబడీ గోస్ దేర్ లా. వై సో సీక్రెట్?" అంది, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

"అందుకే," అన్నాను.

అసలు సంగతి దానికెలా చెప్పను? కాకినాడలో నాకో స్కూటర్ ఉండేది. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు, బడి దగ్గర మలుపులో ఇసుక మీద జారి ఇద్దరం పడ్డాం. నాకు మోకాలు గీరుకుపోయిందంతే. వెనకున్న దానికి గడ్డం చిట్లి కుట్లు పడ్డాయి. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. అని ఉంటే పోట్లాడి, మర్నాడే బండి తీసేదాన్ని. అనకపోబట్టే తాళం మా ఆయన చేతిలో పెట్టేశాను. ఆ మరుసటేడు దేశం వదిలి ఇక్కడికి వచ్చేశాం. ఎవరైనా డ్రైవింగ్ మాటెత్తితే "ట్రైన్ ఉండగా మనకెందుకండీ" అంటూ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. నిజం చెప్పాలంటే నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మళ్ళీ పట్టుకుని చూడాలని ఉంది, పడితే మాత్రం తెలిసినవాళ్ళెవరూ చూడకూడదు. ఆ వెతుకులాటంతా అందుకే.

వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పెద్దాయన బళ్ళు తీశాడు. ముందు ఒక్కొక్కరినీ తన వెనక ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి చూపిస్తాడట. నన్ను పిలిచి వెనక సీటు తట్టాడు. వెళ్ళి కూర్చున్నాను. రెండు కాళ్ళూ ఎడమ పక్కకి వేసి, ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో లేని కొంగు సర్దుకోబోయాను. పెద్దాయన వెనక్కి తిరిగాడు. నా రెండో కాలు ఏమైపోయిందా అని అటు పక్కకి వంగి మరీ చూశాడు.

మా ఆయనా అమ్మాయీ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఊరెళ్ళినప్పుడల్లా మా ఆయన బండి వెనక చీరలో అలా కూర్చుని కూర్చుని, ఒకప్పుడు ముందు సీట్లో కూర్చున్నదాన్నన్న సంగతే నా ఒళ్ళు మర్చిపోయింది. తిప్పడమూ వద్దు, చూపించడమూ వద్దని దిగిపోయి, పక్కనున్న బండి ముందు సీటెక్కాను. పెద్దాయన ఏమనుకున్నాడో గానీ, బొటనవేలితో నొక్కితే కదులుతుందనీ, వదిలేస్తే ఆగుతుందనీ చూపించాడు.

"నువ్వు నాన్న వెనక ఎక్కు," అన్నాను అమ్మాయితో.

అది వచ్చి నా వెనకే కూర్చుంది.

"అటెళ్ళమన్నానా!"

"ముందు చూసి నడుపమ్మా," అంది.

పెద్దాయన ముందు, మేము మధ్యలో, మా ఆయన వెనక. పొలం దాటి అడవి రోడ్డెక్కాం. మంచులో మునిగిన రోడ్డు బోర్డుల తలలు మాత్రం కనిపిస్తున్నాయి. అమ్మాయి నా నడుం గట్టిగా వాటేసుకుంది. పాపం, భయపడుతోంది, నాలాగే దానికీ ఆ మలుపు గుర్తుండిపోయింది కాబోలు అనుకున్నాను. ఎంత నెమ్మదిగా వెళ్ళానంటే, ముందున్న పెద్దాయన రెండుసార్లు ఆగి మాకోసం చూశాడు. ఒక మలుపొచ్చింది. ఊపిరి బిగబట్టి తిప్పాను. తిరిగింది. ఇంకో మలుపు. అదీ తిరిగింది. మూడో మలుపు దాటుతుంటే నా నడుం మీద చేతులు లేవు.

బండి ఆపేసి, "ఎందుకు వదిలేశావు? గట్టిగా పట్టుకో!" అని అరిచాను.

అది సీటు పక్కనున్న కమ్మీలు పట్టుకుని నిక్షేపంగా కూర్చునుంది. "నాకు భయమేసి పట్టుకోలేదమ్మా. యూ వర్ షేకింగ్. నువ్వు వణుకుతున్నావని పట్టుకున్నా. ఇప్పుడు వణకట్లేదు కదా, సో ఐ లెట్ గో లా."

ఏడుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నాక కళ్ళు తుడుచుకోవడం కుదరదని అప్పుడే తెలిసింది. నేను దాన్ని కాపాడుతున్నాననుకున్న పదమూడేళ్ళలో, నన్ను పట్టుకునేంత పెద్దదైపోయింది నా కూతురు. నేనే చూసుకోలేదు.

వెనకనుంచి మా ఆయన, ఏమైంది, ఎందుకాగారు అని కేకేస్తున్నారు.

"నన్ను పట్టుకోకు, ఆ కమ్మీలే పట్టుకో," అన్నాను దానితో. "కొంచెం స్పీడుగా వెళ్తాను."