లైసెన్సు తర్వాతి ఖర్చు

2007. నాచారం పారిశ్రామికవాడ దగ్గరి బ్యాంకు బ్రాంచిలో నేను అప్పుల విభాగం ఆఫీసర్ని. కొత్త విమాన సంస్థలకు పైలట్లు దొరకడం లేదని పేపర్ల నిండా వార్తలు. ఇంజినీరింగ్ చదువుల అప్పులు ఎన్నో చూశాను గానీ పైలట్ శిక్షణకని మా బ్రాంచి మెట్లెక్కింది యాదగిరి ఒక్కడే.

ఆయనది నల్గొండ వైపు. నాచారం ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పని. ఏళ్ల తరబడి కూడబెట్టి చిల్కానగర్‌లో భార్య లక్ష్మమ్మ పేరున చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కూతురు స్రవంతి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయింది. ఆ ఇంటిని కొలేటరల్‌గా, అంటే అప్పు తీరకపోతే బ్యాంకు అమ్ముకోగల హామీగా, పెడతానన్నాడు.

"మస్తు ఖర్చంటున్నరు మేడం. గాని లైసెన్సొక్కటి వస్తే ఇగ ఫికరు లేదంట. ట్రైనింగ్ స్కూలు ఏజెంటు జెప్పిండు."

హామీ పెట్టే ఇంటిని చూడకుండా నేను ఫైలు కదపను. పైలట్ చదువు నాకూ కొత్తే కాబట్టి, ముందుగా నాకు తెలిసిన ఒక విమాన శిక్షకుణ్ణి కలిసి ఖర్చులన్నీ అడిగి తెలుసుకుని చిల్కానగర్ వెళ్లాను. సందు మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ. నీలాకాశంలో విమానం, పక్కన స్రవంతి పాస్‌పోర్టు ఫొటో. "మన బస్తీ ముద్దుబిడ్డ, కాబోయే పైలట్‌కు శుభాకాంక్షలు." కింద మేనమామలు, బాబాయిలు, గణేశ్ మండపం కమిటీ వాళ్లు వరసగా నవ్వుతున్నారు. చుట్టాలకు దావత్ కూడా అయిపోయిందట. అప్పు మంజూరు కాలేదు, అమ్మాయి ఇంకా విమానాన్ని దగ్గర నుంచి చూడనైనా లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

లక్ష్మమ్మ ఇచ్చిన టీ చేతికి రాగానే అడిగాను. "మెడికల్ చేయించారా?"

"మెడికలేంది మేడం? పిల్లకు జరం గూడ రాదు," అన్నాడు యాదగిరి.

నా నోరు కొంచెం దురుసు. కళ్లు, చెవులు, గుండె అన్నీ పరీక్షించి పనికిరావంటే కట్టిన ఫీజు గంగలో కలిసినట్టేనని చెప్పాను. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాను. సీపీఎల్ అంటే జీతానికి విమానం నడపడానికిచ్చే లైసెన్సు. అది ఉన్నంత మాత్రాన పెద్ద విమానంలో కూర్చోనివ్వరు. నడపబోయే రకం విమానం మీదే మళ్లీ శిక్షణ కావాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. దాని ఫీజు వేరే, అదీ లక్షల్లోనే. ఏజెంటు ఆ మాటే ఎత్తలేదు.

"లైసెన్సొచ్చి రెండేళ్లు ఉద్యోగం రాకపోతే వడ్డీ ఎవరు కడతారు? ఈ ఇల్లేమవుతుంది?" అన్నాను.

యాదగిరి ముఖం ఎర్రబడింది. "పిల్ల గెలుస్తదనకుండ గిట్ల మాట్లాడుతరేంది మేడం? ఇప్పుడు ఆగితె బస్తీల నా మొకమెట్ల సూపెట్టాలె?"

"ఫ్లెక్సీకి జవాబు చెప్పడం నా పని కాదండీ. మీ ఇల్లు నిలబడుతుందా లేదా చూడటం నా పని."

గుమ్మంలో నిలబడ్డ స్రవంతి కల్పించుకుంది. "బాపూ, జర ఆగు. మేడం వద్దంటలేరు. ఒక్కసారే అంతా నెత్తికెత్తుకోకున్రి అంటున్నరు."

ఆ సాయంత్రమే ఆ పిల్ల స్టూలెక్కి ఫ్లెక్సీ విప్పేసిందని తర్వాత తెలిసింది.

ముందు మెడికల్ పాసయింది. పుస్తకాలతో అయ్యే పరీక్షలు ఇంట్లోనే చదివి రాసింది. ఆ ఫలితాలు చేత పట్టుకుని వచ్చాక అప్పును రెండు ముక్కలు చేశాను. ఒకటి లైసెన్సుకు. రెండోది టైప్ రేటింగ్‌కు, ఏదైనా సంస్థ ఎంపిక చేశాకే తీసుకునేలా. "లేత్ కార్మికుడి కూతురికి పైలట్ చదువుకు అప్పా?" అని పై ఆఫీసువాళ్లు అడిగారు. "ఇంజినీరు కూతురైతే అడిగేవారా?" అని నేనూ అడిగాను. మంజూరైంది.

స్రవంతి శిక్షణ ముగించుకుని లైసెన్సుతో తిరిగొచ్చేసరికి విమాన సంస్థలు నష్టాల్లో పడి ఉద్యోగాలు ఆపేశాయి. టైప్ రేటింగ్‌కు కూడా ముందే అప్పు తెచ్చి కట్టేసినవాళ్లు వడ్డీల కింద నలిగిపోయారు. స్రవంతి ఉప్పల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి వడ్డీ కట్టింది. తెలంగాణ ఉద్యమంలో బస్సులు బందయిన రోజుల్లో నడిచి వెళ్లి మరీ క్లాసులు చెప్పింది. లైసెన్సు చెల్లుబాటు కావాలంటే అప్పుడప్పుడూ ఎగరాలి, దానికీ ఖర్చే. అదీ తనే పెట్టుకుంది. ఒక్క వాయిదా తప్పలేదు.

చివరికి ఒక సంస్థ స్రవంతిని ఎంపిక చేసిన రోజున ముగ్గురూ రెండో ముక్క కోసం బ్రాంచికి వచ్చారు. సంతకం పెట్టి లక్ష్మమ్మ నా వైపు చూసింది.

"ఆ దినం మీ మీద మస్తు కోపమొచ్చింది మేడం. మా పిల్ల ఎగురుతదా అని అందరడిగిన్రు. ఎగిరేదాంక ఏం తింటరని మీరొక్కరే అడిగిన్రు."

యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు. తెలంగాణ వచ్చిన ఏడాది స్రవంతి కో-పైలట్‌గా శంషాబాద్ నుంచి ఎగరడం మొదలుపెట్టింది. ఇల్లు చిల్కానగర్‌లో అలాగే ఉంది. నా ఉద్యోగంలో ఇంత గర్వపడిన ఫైలు మరొకటి లేదు.

ఆ తర్వాత పెద్ద చదువుకు అప్పు కావాలని ఎవరొచ్చినా ఫీజెంత అని ముందు అడగలేదు. "పట్టా వచ్చిన మర్నాటికి ఏం మిగుల్చుకున్నారు?" అని అడిగాను. కొందరు కోపంతో లేచి వెళ్లేవారు. చాలామంది ఇంటికెళ్లి, ఆలోచించుకుని మళ్లీ వచ్చేవారు.